పై గదిని స్టోర్ రూమ్ చేసుకోవడానికి పర్మిషన్ కావాలా?

నమస్కారం సార్. మీరు రాసిందాంట్లో నాకు అర్థమైనది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. తిరుపతి కొర్లగుంటలో 40 అంకణాల స్థలం, 1994లో కట్టిన ఇల్లు. కింద మీరుంటారు. పైన అబ్బాయి గది, అతను బెంగళూరులో స్థిరపడ్డాడు కాబట్టి ఖాళీగా ఉంది. 10 అడుగులకు 12 అడుగుల ఆ గదిని సామాన్ల గదిగా మార్చాలి. పాత ఇంటి సామాను, మీ ఆవిడగారు వాట్సాప్‌లో అమ్మే చీరల స్టాకు, మీ బావమరిది గారి పూజాసామాన్ల డబ్బాలు, అన్నీ అందులోకే. ఒక కిటికీ మూసేసి, బాల్కనీని గదిలో కలిపేయాలని ఆలోచన. పర్మిషన్ లేకుండా చెయ్యి వేస్తే కార్పొరేషన్ వాళ్లు సీల్ వేస్తారని పక్కింటాయన భయపెట్టారు. ఒక మధ్యవర్తి 15 వేలిస్తే పర్మిషన్ తెచ్చిస్తానన్నాడు.

ఆ 15 వేలు జేబులోనే ఉంచండి. గదిలో మంచం తీసేసి ర్యాకులు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లేని పర్మిషన్‌ని ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? మహా అయితే ఇంటి పన్ను రశీదు మీద ఏదో ముద్ర కొట్టి ఇస్తాడు. ఎల్‌టీపీగా, అంటే ఇళ్ల ప్లాన్లు వేసే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడిగా, ఈ ఊళ్లో 24 ఏళ్లుగా ప్లాన్లు వేస్తున్నాను. "స్టోర్ రూమ్ పర్మిషన్" అనే కాగితం ఇంతవరకూ నా చేతికి రాలేదు.

ఆఫీసు పట్టించుకునేది గదికి మీరు పెట్టుకున్న పేరును కాదు. ఇంటి ఆకారం మారిందా, ఇంటి వాడకం మారిందా అన్నదే వాళ్లకు కావాలి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో అనుమతి అక్కర్లేని పనుల జాబితా ఒకటి ఉంది. కిటికీ, తలుపు, వెంటిలేటర్ పెట్టడం లేదా మూయడం, గదుల మధ్య తలుపు పెట్టడం, పార్టిషన్, ఫాల్స్ సీలింగ్, సున్నం, పెయింటు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ మార్చడం ఇవన్నీ అందులో ఉన్నాయి. అయితే ఒక మెలిక ఉంది. ఇంటి గట్టిదనానికి, అగ్ని భద్రతకు, గాలీ వెలుతురుకూ సంబంధించిన నియమాలను ఆ పని దెబ్బతీయకూడదు. మన దగ్గర 2017లో జీవో 119 కింద వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు అమల్లో ఉన్నాయి. క్షేత్రంలో నడిచేది కూడా ఈ ధోరణిలోనే. ఇంటి లోపల గోడకు మేకు కొట్టినందుకో, అటక వేసినందుకో నోటీసు ఇచ్చిన వార్డు ప్లానింగ్ సెక్రటరీని నేను చూడలేదు. (అటక అన్నాను కాబట్టి చెప్తున్నాను, కోడ్ లెక్కలో అటక ఎత్తు 1.5 మీటర్లకు మించకూడదు. మనిషి నిలబడగలిగేంత ఎత్తు పెడితే అది అటక కాదు, మరో అంతస్తు కింద లెక్క.)

కాబట్టి కిటికీ మూసుకోవచ్చు. కానీ మూయకండి అని నా సలహా. అది పర్మిషన్ గొడవ కాదు, చీరల గొడవ. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో మీకు నేను చెప్పాలా? అప్పుడు కింది అంతస్తుల్లో సరుకు పెట్టుకున్నవాళ్లు ట్రాక్టర్లకెత్తి పారబోశారు. మీది పై గది కాబట్టి వరద భయం లేదు. కానీ గాలి ఆడని గదిలో చెమ్మ చేరితే పట్టుచీర జరీ నల్లబడుతుంది, మడతల్లో మరకలు పడతాయి. ఎండ తగలకుండా కిటికీకి మందపాటి తెర వేయండి, బయట వైపు దోమల జాలీ కొట్టించండి. ర్యాకును గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం వదలండి. చెదలు వస్తే ముందు ఆ సందులోనే కనబడతాయి. అంతకంటే పెద్ద ఏర్పాట్లేవీ అక్కర్లేదు.

ఇక బాల్కనీ. మీ ప్రశ్నలో పర్మిషన్ కావాల్సిన భాగం ఇది ఒక్కటే. మీరేమో దాన్ని చివర్లో "పనిలో పనిగా" అని రాశారు.

బాల్కనీకి గోడ కట్టి గదిలో కలిపితే ఇంటి కట్టుబడి విస్తీర్ణం పెరుగుతుంది. మంజూరైన ప్లాన్‌లో ఖాళీగా చూపించిన చోట గోడ లేస్తుంది. మీ ఇంట్లో బాల్కనీ సెట్‌బ్యాక్ మీదికి, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా మీదికి వచ్చి ఉంటుంది. 40 అంకణాలంటే 160 గజాలే కదా, అంత స్థలంలో బాల్కనీ ఇంకెక్కడికి పోతుంది? అంటే సెట్‌బ్యాక్‌లో గది కట్టినట్టే. దీనికి సవరించిన ప్లాన్ పెట్టాలి. పెట్టినా సెట్‌బ్యాక్ తగ్గుతోందని తిరగ్గొట్టే అవకాశమే ఎక్కువ. చెప్పకుండా కట్టేస్తే ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజున నోటీసు వస్తుంది. నోటీసు రాకపోయినా పన్ను కొలతలకు వచ్చినప్పుడు దొరుకుతుంది. అనుమతి లేని నిర్మాణానికి ఇంటి పన్ను మీద పెనాల్టీ పడుతుంది. ఉల్లంఘన ఎంతన్నదాన్ని బట్టి అది పన్నులో 25 శాతం నుంచి 100 శాతం దాకా ఉంటుంది. ఒక్కసారి కట్టి వదిలించుకునేది కాదు, ప్రతిసారీ పన్నుతో పాటు వస్తుంది. "బీపీఎస్ (జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాన్ని క్రమబద్ధం చేసే పథకం) వచ్చినప్పుడు కట్టేసుకుందాంలే" అనే మాట మన ఊళ్లో అందరూ అంటారు. ఆ పథకాలు 2015లో వచ్చాయి, 2019లో వచ్చాయి, నిజమే. దాన్ని నమ్ముకుని గోడ లేపడమంటే చుట్టం వస్తాడని ఎసట్లో బియ్యం పోసి కూర్చోవడం లాంటిది.

కాగితాల సంగతి పక్కన పెట్టినా ఆ బాల్కనీ మీద సామాను పెట్టకండి. బాల్కనీ స్లాబు ఒక వైపే పట్టుకుని వేలాడుతుంది. దాన్ని మోసే అసలు కమ్మీ స్లాబు పై భాగంలో ఉంటుంది. 1994లో కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు ఆ కమ్మీ మీద నడిచి కిందికి తొక్కేశారో లేదో మీకు తెలియదు, నాకూ తెలియదు. మామూలు గది స్లాబు బరువెక్కువైతే ముందు వంగి, నెర్రె ఇచ్చి హెచ్చరిస్తుంది. కమ్మీ కిందికి దిగిపోయిన బాల్కనీకి ఆ మర్యాద తెలియదు. దాని అంచున నాలుగున్నర అంగుళాల గోడ లేపి, లోపల ర్యాకు పెట్టి, అందులో ఇత్తడి సామాను నింపారనుకోండి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు బరువు సంగతి. ఎవరూ అడగనిది, నేను అందరికీ చెప్పేది ఇదే. కార్పొరేషన్ అడక్కపోవచ్చు, స్లాబు మాత్రం అడుగుతుంది.

ఇంటి గదులకు స్లాబు డిజైన్ చేసేటప్పుడు మనుషులు, మంచాలు, బీరువాలు కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోయాలని లెక్క వేస్తారు. భవనాలు మోయాల్సిన బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగంలో ఉండే లెక్క ఇది. అదే పుస్తకంలో ఇంట్లోని స్టోర్ రూముకు 300 కిలోలని ఉంటుంది. గోడౌన్ అయితే సరుకు ఎత్తులో ప్రతి మీటరుకు 240 కిలోలు, మొత్తం మీద 750కి తగ్గకూడదు. మేస్త్రీ భాషలో చెప్పాలంటే పడగ్గదికి చదరపు అడుగుకు పద్దెనిమిదిన్నర కిలోలు, ఇంటి స్టోర్ రూముకు 28, గోడౌనుకు 70. మీ పై గది పడగ్గదిగానే కట్టారు. గది మొత్తానికి సమానంగా పరిస్తే రెండు టన్నుల పైచిలుకు వస్తుంది. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ సామాను ఎవరూ సమానంగా పరవరు కదా.

మీ ఆవిడగారి చీరలతో ఏ ఇబ్బందీ లేదు. చీర సగటున 600 గ్రాములనుకుందాం. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఆరు అరల ర్యాకులో 150 చీరలు సర్దితే 90 కిలోలు, ర్యాకు ఇంకో 30. అది నిలబడ్డ చోట అడుగుకు 27 కిలోలు పడుతుంది, దాని ముందు నడవడానికి వదిలిన జాగా ఖాళీ కాబట్టి సగటు తగ్గిపోతుంది. నిశ్చింతగా పెట్టుకోండి. బావమరిది గారి డబ్బాలే అసలు సమస్య. ఇత్తడి కుందులు, గంటలు, హారతి పళ్లేలు నింపిన అడుగు వెడల్పు అట్టపెట్టె ఒకటి పాతిక కిలోలు తూగితే, నాలుగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగు జాగాలో 100 కిలోలు. ఒక్క పెట్టెల వరసకు స్లాబేమీ కూలిపోదు. ఒక వైపు మొత్తం అలా నింపితేనే ప్రమాదం.

కొన్నేళ్ల కిందట అలిపిరి వైపు పటాల వ్యాపారం చేసే ఒకాయన ఫోన్ చేశారు. కింది గది తలుపు పట్టేస్తోందట, వడ్రంగితో రెండుసార్లు చిత్రిక పట్టించినా మళ్లీ పట్టేస్తోందట. తలుపుకు, స్లాబుకు నాకేం సంబంధం అనుకుంటూనే వెళ్లాను. మంచం మీద దుప్పటి దులుపుతుంటే సున్నం పెచ్చులు రాలాయి. తలెత్తి చూస్తే సీలింగు నడిమధ్యలో దారప్పోగులాంటి గీత, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. పైకెళ్తే గది నిండా స్వామివారి పటాల పెట్టెలు, గాజు ఫ్రేములతో సహా, ఐదేసి చొప్పున పేర్చి ఉన్నాయి. వాళ్లింట్లో బరువు చూసుకునే మెషిన్ మీద ఒక పెట్టె పెడితే 18 కిలోలు వచ్చింది. పెట్టె కొలత అడుగున్నరకు అడుగున్నర. అంటే అడుగుకు 40 కిలోలు, పడగ్గది లెక్కకు రెట్టింపు పైమాటే. స్లాబు వంగి కింద ఉన్న నాలుగున్నర అంగుళాల అడ్డగోడ మీద కూర్చుంది, ఆ గోడలోని ద్వారబంధం నలిగింది. పాపం, వడ్రంగి తలుపును చెక్కుతూనే ఉన్నాడు. మధ్యలో పెట్టెలన్నీ తీయించి, సగం కింది షాపుకు తరలించి, మిగతావి గోడల వెంబడి రెండేసి చొప్పున పెట్టించాను. తలుపు కొంత వదులైంది. సీలింగు మీద గీత మాత్రం అలాగే ఉండిపోయింది.

అందుకే బరువైనవన్నీ గోడల వెంబడి, వీలైతే కింద బీమో గోడో ఉన్న చోట పెట్టండి. గది మధ్య భాగం నడవడానికి వదిలేయండి. ఇత్తడి డబ్బాలు కింది వరసలోనే, రెండుకు మించి ఎత్తు వద్దు. ఇంకా మంచిది, వాటిని మీ మెట్ల కింది జాగాలో నేల మీద పెట్టించండి, నేల ఎంతైనా మోస్తుంది.

గదికీ బాల్కనీకీ మధ్య గోడ కొట్టేయాలన్న ఆలోచన కూడా మానుకోండి. 1994 నాటి ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, 9 అంగుళాల ఇటుక గోడలే స్లాబును మోస్తాయి. మీ ఇల్లు ఏ రకమో మీరే చూసుకోవచ్చు. గది మూలల్లో, పై భాగంలో పిల్లరు గానీ బీము గానీ పొడుచుకొచ్చి కనబడకపోతే, గోడ మందం ప్లాస్టరుతో కలిపి పది అంగుళాల దాకా ఉంటే, ఆ గోడే పిల్లరు అనుకోండి. నాలుగున్నర గోడైతే పర్వాలేదని కూడా గుడ్డిగా అనకూడదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనే ఒక ఇంట్లో చిన్న గోడేగా అని తీయించాను. పై స్లాబును రెండు విడతల్లో పోసి, అతుకును సరిగ్గా ఆ గోడ మీదికి తెచ్చారని కొట్టాక తెలిసింది. రాత్రికి రాత్రి జాకీలు పెట్టించి, పొద్దున్నే ఇనప గర్డరు వేయించాను. ఆ ఇంటావిడ ఇప్పటికీ ఎదురుపడితే నవ్వుతుంది, నేను తల దించుకుంటాను. గోడ తీయడం నిజంగా అవసరమైతే స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్‌తో, సవరించిన ప్లాన్‌తో చేయాల్సిన పని అది.

వాడకం మారడం అంటే ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే చీరల వ్యాపారం మాట మీరే ఎత్తారు. ఇంటి మనిషి ఇంట్లో స్టాకు పెట్టుకుని ఫోన్లో ఆర్డర్లు తీసుకుని కొరియర్ పంపితే ఇల్లు ఇల్లే. బయట బోర్డు పెట్టి, జనం మెట్లెక్కి చీరలు చూసి కొనుక్కెళ్లడం మొదలైతే, లేదా గదిని బయటివాళ్లకు గోడౌనుగా అద్దెకిస్తే, అప్పుడు మూడు చోట్ల లెక్క మారుతుంది. ఇంటి పన్నులో ఆ భాగం నివాసేతరం కింద పడుతుంది, ఆ రేటు ఎక్కువ. కోడ్ ప్రకారం నివాసం ఒక వర్గం, నిల్వ వేరే వర్గం, కాబట్టి వాడకం మార్పుకు కార్పొరేషన్ అనుమతి అడగొచ్చు. మూడోది కరెంటు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలు లెక్కగడతారు. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన తిరుపతిలోనే ఉంది, తనిఖీలకు వాళ్లు దూరం నుంచి రానక్కర్లేదు. అమ్మకాలు ఆ స్థాయికి పోతే ఆ గదికి విడిగా కమర్షియల్ మీటరు పెట్టించుకోండి. బావమరిది గారికి జీఎస్టీ నంబరు ఉండి, స్టాకు మీ ఇంట్లో పెడితే, మీ చిరునామాను తన రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్పించుకోమనండి. తనిఖీ వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే అయినా, తలుపు కొట్టేది మాత్రం మీ ఇంటిదే కదా.

ఆ డబ్బాల్లో కర్పూరం ఉందా? పూజాసామాన్లు అన్నారు కాబట్టి ఉండే ఉంటుంది. ఒకటి రెండు ప్యాకెట్లయితే సరే, పెట్టెలకు పెట్టెలు మాత్రం వద్దు. కర్పూరం కరగకుండానే ఆవిరవుతుంది, డబ్బా తెరవగానే వాసన గుప్పుమనేది అందుకే. మే నెలలో పై స్లాబు కాలుతూ, కిటికీ మూసి ఉన్న గదిలో ఆ ఆవిరి నిండితే, స్విచ్చులో చిన్న మెరుపు చాలు. పక్కనే చీరలు. టపాసుల సంగతి అసలు తేవద్దు, అమ్మకానికి తెచ్చిన టపాసులు లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం, ఇళ్లలో వాటికి లైసెన్సూ ఇవ్వరు. పెట్రోలు సొంత వాడకానికైనా 30 లీటర్లు దాటితే లైసెన్సు కావాలి. అంత దాకా ఎందుకు, పై గదిలో ఒక్క క్యాన్ కూడా పెట్టకండి.

ఒకవేళ మనసు మారక బాల్కనీ పని చేద్దామనుకుంటే దారి ఇది. దస్తావేజు, పాత మంజూరు ప్లాన్, ఈ ఏడాది పన్ను రశీదు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసుకుని ఏ ఎల్‌టీపీ దగ్గరికైనా వెళ్లండి. ఉన్నదీ, మార్చబోయేదీ రెండూ గీసి ఆన్‌లైన్లో పెడతారు, ఫీజు కూడా అక్కడే కట్టాలి. కార్పొరేషన్ ప్లానింగ్ సిబ్బంది వచ్చి కొలుస్తారు. పాత ప్లాన్ పోయిందంటే కార్పొరేషన్‌లో నకలు అడగండి. ఇవ్వకుండా తిప్పితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఇల్లు కార్పొరేషన్ హద్దు బయట పంచాయతీలో ఉంటే అక్కడి పంచాయతీ, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) నియమాలు చూసుకోవాలి. చిత్తూరు పట్టణంలో ఉన్నవాళ్లు అక్కడి కార్పొరేషన్‌ను అడగాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఒక్క మాట: మీ ఫ్లాటు లోపలి గది మీ ఇష్టం. స్టిల్ట్ పార్కింగ్‌లో, అంటే పిల్లర్ల మధ్య బండ్లు పెట్టుకునే కింది జాగాలో, ఒక మూల తడికో షట్టరో పెట్టి స్టోర్ రూమ్ చేసుకోవడం మాత్రం ప్లాన్ ఉల్లంఘనే, అసోసియేషన్ ఒప్పుకున్నా సరే.

సార్, కింది గదిలో నిలబడి సీలింగు ఫోటో ఒకటి, పై గది నాలుగు మూలలవి నాలుగు ఫోటోలు తీసి పెట్టండి. లైటు వేసి తీయండి, గీతలుంటే కనబడాలి. బీము ఎటు పోతోందో చూసి, ఏ గోడ వెంబడి ఏ ర్యాకు పెట్టాలో గుర్తులు పెట్టి పంపిస్తాను.